‘ఇతరులు’ అని రాయకుండా ఎట్లా అడగాలి? నాన్‌బైనరీ మనుషుల మీద పరిశోధన, తెలుగులో వచ్చిన చిక్కు

ప్రశ్న: కళ్యాణదుర్గం స్కాలర్

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఉండి సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో సంవత్సరం. రాయలసీమ పల్లెల్లో, చిన్న టౌన్లలో బతికే నాన్‌బైనరీ మనుషుల అనుభవాలు నా అంశం. తాము మగా కాదు ఆడా కాదు అనుకునేవాళ్లు, రెండూ కొంత కొంత ఉన్నాయనుకునేవాళ్లు, అసలు ఆ లెక్కే తమకు పట్టదనుకునేవాళ్లు. ఇంగ్లీషులో దీని మీద రెండేళ్లు చదివాను. తెలుగులో అడగబోయిన మొదటి రోజే కాళ్లూ చేతులూ ఆడలేదు.

జరిగింది చెప్తాను. ప్రశ్నావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాను. దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చి చూశాను. రెండూ సరిపోయాయి. గైడ్ గారు సంతకం పెట్టారు. పైలట్ (ముందుగా ఒకరి మీద పరీక్షించి చూడటం) కోసం గుంతకల్లు వెళ్లాను. స్టేషన్ దగ్గర ఒక హోటల్ మేడ మీద కూర్చున్నాం. పొద్దున ఎనిమిదిన్నర, బల్ల మీద ఉగ్గాని, బజ్జీ. ఎదురుగా ఉన్న మనిషికి ఇరవై రెండేళ్లు ఉంటాయి. కాగితం చేతికిచ్చాను. మొదటి ప్రశ్న: ‘మీ లింగం: పురుషుడు / స్త్రీ / ఇతరులు’. ‘లింగం’ అన్న మాట దగ్గరే తల వంచుకున్నారు. తర్వాత కాగితం నా వైపు తిప్పి, ‘ఇతరులు’ మీద వేలు పెట్టి అడిగారు: "అక్కా, ఈ ఇతరులంటే ఎవురు? నా మింద రాసిన కాగితంలో నేను ఇతరులెట్లయితా?"

నా దగ్గర జవాబు లేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి, ఊరికే మాట్లాడుకుందాం అన్నాను. రెండు గంటలు రికార్డు చేశాను. అంత మంచి సంభాషణ నా మూడేళ్లలో ఇంకొకటి లేదు.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. రికార్డింగు మొత్తం ‘నేను’ మీదే నడిచింది. ‘నేను పొయినా, నేను చూసినా, నాకు తెల్దు.’ ఎక్కడా ఆడా మగా అన్న ఊసే రాలేదు. దాన్ని టైపు చేయడానికి ఒకరికి ఇచ్చాను. తిరిగొచ్చిన సారాంశంలో మొదటి పేజీలో ‘ఈమె చెప్పింది’ అనీ, మూడో పేజీలో ‘ఇతడు వెళ్లాడు’ అనీ ఉంది. టైపు చేసినాయన తప్పు కాదు. వాక్యం పూర్తి చేయాలంటే ఏదో ఒక తోక తగిలించాలి కదా. పైన నేను ‘తల వంచుకున్నారు’ అని రాశాను, చూశారా? అది రాయడానికి రెండుసార్లు చెరిపాను. గైడ్ గారు అంతటా ‘వారు’ అని పెట్టెయ్యమన్నారు. అదే మాట గుంతకల్లుకు ఫోన్ చేసి అడిగితే, "నన్ను వచ్చారు, పోయారు అంటే ఎవురో తాసిల్దారు వచ్చినట్టుంటాదక్కా" అన్నారు.

ఇంకొకటి, ఇది పూర్తిగా నా తప్పు. ఫైలు అట్ట మీద ఊరి పేరు, చేసే పని, వయసు రాసి పెట్టుకున్నాను. పేరు రాయలేదు కాబట్టి ఏం కాదులే అనుకున్నాను. జిరాక్స్ షాపులో ఆ అట్ట చూసిన ఆయన "ఇది ఫలానా వాళ్ల బిడ్డ కదమ్మా" అన్నాడు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆ రాత్రే ఫైలు చింపేశాను. ఆ మనిషికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

ఇప్పుడు నేను అడిగేది: నాన్‌బైనరీకి తెలుగులో వాడదగిన మాట ఉందా? మూడో మనిషిగా రాసేటప్పుడు ఏ క్రియ పెట్టాలి? మా పీహెచ్‌డీ కమిటీ 300 మంది శాంపిల్ కావాలంటోంది, అంతమందిని ఎక్కడ తేవాలి? సమ్మతి పత్రం మీద సంతకం అంటేనే భయపడేవాళ్లను ఎట్లా అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు ఈ పని మధ్యలో వదిలేయాలని లేదు.

జవాబు: హంద్రీ నీవా

అక్కా, నేను ఆదోని పక్క మనిషిని. అంతకంటే ఎక్కువ చెప్పను, ఎందుకో మీ జిరాక్స్ కథే చెప్పింది. నేను నాన్‌బైనరీ. ఆ మాట నాకు తెలిసి నాలుగేళ్లు, ఫోన్లో చదివి తెలుసుకున్నాను. నా సంగతి మాత్రం ఏడో తరగతి నుంచే తెలుసు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించినారు.

నా దగ్గరికి ఇంతకు ముందు ఇద్దరు వచ్చినారు, ఒకరు స్టూడెంటు, ఒకరు వీడియో ఛానల్ మనిషి. ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న సంతెకుడ్లూరు హోలీ గురించే. మా ఆదోని మండలంలోనే ఆ ఊరు. హోలీకి మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని, పూలు పెట్టుకుని రతీ మన్మథులకు పూజ చేస్తారు. మొక్కు. పంట బాగుండాలనీ, ఇంట్లో కష్టం తీరాలనీ. "చూడండి, మీ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉంది కదా" అంటారు వచ్చినవాళ్లు. నాకు ఆ మొక్కు మీద గౌరవం ఉంది. మా మామ కూడా ఒక ఏడు కట్టినాడు, ఎంత భక్తిగా కట్టినాడో కళ్లారా చూసినా. అయితే చీర విప్పినంక మా మామ మా మామే. అదే మామ నేను జుట్టు కత్తిరించుకున్న దినం నుంచి నెల రోజులు నాతో మాట్లాడలేదు. దయచేసి ఆ రెండింటినీ ఒక అధ్యాయంలో కలపొద్దు. పండగలో వేషం వేరు, నేను రోజూ ఉండే తీరు వేరు.

ఇంకొక సంగతి. పరిశోధన అంటే అందరూ హిజ్రా అక్కల దగ్గరికే పోతారు. వాళ్లకు గురువు ఉంటారు, ఇల్లు ఉంటుంది, పది మంది ఉంటారు, పోతే దొరుకుతారు. నాలాంటి వాళ్లకు అడ్రసు లేదు. మా ఇంట్లోనే ఉంటాం, వంట చేస్తాం, పెళ్లి సంబంధాలు తప్పించుకుంటుంటాం. నన్ను ఎవరూ ‘కొజ్జా’ అని గానీ ‘తేడా’ అని గానీ అనరు. ‘మొగరాయుడు’ అంటారు, నవ్వుతారు, ఇంగ పెండ్లి చేస్తే సరిపోతాది అంటారు. మీ ప్రశ్నావళిలో వేధింపుల గురించి అడిగే చోట ఇది ఉందా? రోడ్డు మీద ఎవరైనా తిట్టినారా అని అడిగితే నేను లేదని రాస్తా. పెండ్లి చూపుల కోసం బలవంతంగా జడ సవరం పెట్టి కూర్చోబెట్టినారా అని అడగండి, మూడుసార్లు అని రాస్తా.

మాట సంగతి అడిగినారు కదా. మా జేజి (అవ్వ) నన్ను పుట్టినప్పటి నుంచి ‘బిడ్డ’ అంటాది. "బిడ్డ తిన్యాదా, బిడ్డ వచ్చిందా" అని. నా తమ్మున్ని కూడా బిడ్డ అనే అంటాది. ఆ పిలుపు దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు. థీసిస్‌లో బిడ్డ అని రాయలేరు, తెలుసు.

జవాబు: పెద్దదర్గా వీధి

అమ్మా, నేను కడపలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. మీ అంశం నాకు కొత్త. మీరు అడిగిన క్రియ ప్రశ్న మాత్రం నా జీవితమంతా పాఠం చెప్పినదే, కాబట్టి ఆ ఒక్కదాని మీద చెప్తాను.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని మూడు వాచకాలు పెట్టాడు. మగవాడు మహత్తు, స్త్రీ మహతి, మిగిలినదంతా అమహత్తు. ఏకవచనంలో మన క్రియ చేసే పని గమనించండి. మగవాడైతే ‘వచ్చాడు’. ఆడమనిషికీ, ఆవుకీ, బస్సుకీ ఒకటే ‘వచ్చింది’. బహువచనంలో స్త్రీలూ పురుషులూ కలిసి ‘వచ్చారు’, ఆవులూ బస్సులూ ‘వచ్చాయి’. ఒకడు, ఒకతె అని విడదీసే భాష, ఇద్దరు అనగానే ఆ తేడా వదిలేస్తుంది. కాబట్టి ఇబ్బంది ఏకవచనంలో, ప్రథమ పురుషలో (మూడో మనిషి గురించి చెప్పేటప్పుడు) మాత్రమే. ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అన్నప్పుడు తెలుగు ఎవరి లింగమూ అడగదు. హిందీలో ‘నేను వచ్చాను’ అనాలన్నా ఆడో మగో తేల్చుకోవాలి, మనకు ఆ బెడద లేదు. మీ గుంతకల్లు మనిషి రెండు గంటలు హాయిగా మాట్లాడింది అందుకే. (‘మాట్లాడింది’ అని నా చేతికి వచ్చేసింది. క్షమించమని చెప్పండి. అలవాటు ఎంత బలమైనదో మీకు తెలియాలని చెరపకుండా ఉంచుతున్నాను.)

‘తను’ వాడమని కొందరు చెప్తారు. సర్వనామంగా అది మంచిదే, లింగం లేదు. కానీ ‘తను’ తర్వాత క్రియ వస్తే మళ్లీ ‘వచ్చాడు, వచ్చింది’ అనాల్సిందే. మన సీమలో ఆయప్ప, ఆయమ్మ అనేవి ముందే విడిపోయి ఉన్నాయి. అందుకని క్రియను తప్పించే దారులు వెతకండి. అవి తెలుగులో చాలా ఉన్నాయి, ఎవరూ ఈ అవసరానికి వాడి చూడలేదంతే. ‘రాలేదు’ చూడండి. అతను రాలేదు, ఆమె రాలేదు, వాళ్లు రాలేదు, నేను రాలేదు. అన్నింటికీ ఒకటే. ‘తనకు తెలుసు’, ‘తనకు ఇష్టం లేదు’, ‘తనకు ఆకలైంది’, ‘తనకు కావాలి’. వీటిలో మనిషిని బట్టి క్రియ మారదు. ‘వెళ్లిన ఊరు’, ‘చెప్పిన మాట’, ‘చూసిన పెళ్లి’. చేసిందెవరో ఇవి అడగవు. ‘అతను పదో తరగతిలో బడి మానేశాడు’ అనే బదులు ‘పదో తరగతి తర్వాత బడికి పోలేదు’ అని రాస్తే చాలు. ఒక పేజీ రాసి చూడండి, మొదట చేతులు కట్టేసినట్టుంటుంది, మూడో పేజీకి అలవాటవుతుంది.

పేరు కోసం పాత పుస్తకాల్లోకి పోవద్దని నా సలహా. అమరకోశంలో ‘తృతీయాప్రకృతి’ ఉంది, దాని పక్కనే షండ, క్లీబ, నపుంసక అనే మాటలూ ఉన్నాయి. విరాటపర్వంలో బృహన్నలను పేడి అన్నారు. అది శాపం, దానికి ఏడాది గడువు ఉంది, గడువు తీరాక మళ్లీ గాండీవం. ఆదోని బిడ్డ చెప్పిన హోలీ సంగతి లాంటిదే ఇదీ. నపుంసక లింగం అనేది వ్యాకరణ సంజ్ఞ, మనిషి మీద వేస్తే తిట్టవుతుంది. ‘నాన్‌బైనరీ’ అనే రాయండి. బస్సు, టికెట్టు, కలెక్టరు మన మాటలైనట్టే అదీ అవుతుంది. ‘లింగం’ బదులు ‘జెండర్’ అనండి. ఆడవాళ్ల ముందు ‘మీ లింగం’ అని చదవడానికి నేను క్లాసులో ముప్పయ్యేళ్లు ఇబ్బంది పడ్డాను.

తమిళనాడులో మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుకోవడం వల్ల 2022లో ప్రభుత్వం ఇలాంటి పదాల పట్టికను గెజిట్‌లో వేసింది. ఏ మాట వాడితే అవమానమో, ఏది కాదో పత్రికల వాళ్లకు కూడా తెలిసేటట్టు. మీ థీసిస్ చివర అలాంటి పట్టిక ఒకటి, మీరు కలిసినవాళ్ల నోటి మాటలతో పెట్టగలిగితే, డిగ్రీ వచ్చాక కూడా అది పనికొస్తుంది.

జవాబు: లెక్కల మనిషి, నంద్యాల

నేను ప్రజారోగ్య సర్వేల్లో పనిచేస్తాను. 300 గురించి చెప్తాను. ర్యాండమ్ శాంపిల్ తీయాలంటే ముందు మొత్తం జాబితా ఉండాలి. అది మన దేశంలో లేదు. 2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ అనే గడి మొదటిసారి వచ్చింది. దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అందులో పడ్డారు. ఆ గడిలో ఉన్నది హిజ్రాలా, ట్రాన్స్ మెన్‌లా, నాన్‌బైనరీలా అనేది ఆ అంకె నుంచి రాదు. పైగా ఇంటి పెద్ద నోటితో రాయించిన సమాచారం. ఆదోని మనిషి ఇంట్లో ఆ రోజు ఏం రాయించి ఉంటారో మీరే ఊహించండి.

కాబట్టి కమిటీకి ఇది గుణాత్మక పరిశోధన అని స్పష్టంగా రాసివ్వండి. ఇరవై మందితో లోతుగా మాట్లాడి, కొత్త సంగతి రావడం ఆగిపోయినప్పుడు ఆపడం ఈ రంగంలో ఒప్పుకున్న పద్ధతే. ఒకరి ద్వారా ఒకరిని పట్టుకునేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. మొదటి ముగ్గురూ ఒకే స్వచ్ఛంద సంస్థ ద్వారా వస్తే మిగతా పదిహేడు మందీ అక్కడి వాళ్లే అవుతారు. మన దేశంలో ఈ విషయం మీద డబ్బు చాలాకాలం ఎయిడ్స్ నివారణ కార్యక్రమాల దారిలోనే వచ్చింది. అందుకే హిజ్రాల గురించి, పుట్టుకతో మగ అని రాయించబడినవాళ్ల గురించి చదవడానికి దొరికినంతగా, ఆడపిల్ల అని రాయించబడినవాళ్ల గురించి దొరకదు. హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య గడిపి గాయత్రీ రెడ్డి రాసిన పుస్తకం 2005లో షికాగో యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. పరువు చుట్టూ వాళ్ల జీవితాలు ఎట్లా అల్లుకుని ఉన్నాయో అందులో చూడొచ్చు. చదవండి. కానీ అది నగరం, అది హిజ్రాల గురించి. మీది వేరే పొలం.

అడిగే తీరు విషయంలో రెండు దేశాల అనుభవం మీకు పనికొస్తుంది. కెనడా 2021 జనాభా లెక్కల్లో రెండు ప్రశ్నలు విడిగా వేసింది: పుట్టినప్పుడు ఏమని నమోదైంది, ఇప్పుడు మీ జెండర్ ఏమిటి. రెండోదానికి సొంత మాటల్లో రాసుకునే చోటు ఇచ్చింది. పదిహేనేళ్లు దాటినవాళ్లలో 59,460 మంది ట్రాన్స్‌జెండర్, 41,355 మంది నాన్‌బైనరీ అని తేలింది. అదే ఏడాది ఇంగ్లండ్, వేల్స్ లెక్కల్లో ‘మీరు అనుకునే జెండర్, పుట్టినప్పుడు నమోదైన సెక్స్ ఒకటేనా’ అని ఒకే ముడివాక్యం వేశారు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లలో ‘కాదు’ అన్నవాళ్లు అనుమానం వచ్చేంత ఎక్కువగా కనిపించారు. ప్రశ్న అర్థం కాకే అట్లా రాసి ఉండొచ్చని అక్కడి గణాంక సంస్థే ఒప్పుకుంది. 2024లో ఆ అంకెలకున్న అధికారిక గుర్తింపు స్థాయిని తగ్గించుకుంది కూడా. మీ గుంతకల్లు కాగితానికి జరిగింది అదే. తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూడటం అనువాదాన్ని పరీక్షిస్తుంది. చదివే మనిషికి ఏం అర్థమైందో తెలియాలంటే, పక్కన కూర్చుని "ఈ వాక్యం మీకు ఏం చెప్తోంది?" అని అడగాలి.

కెనడా నుంచి ఇంకొకటి నేర్చుకోండి. చిన్న ఊళ్ల పట్టికల్లో నాన్‌బైనరీ అంకె విడిగా వేయరు, మనుషులు దొరికిపోతారని. మీరూ ఊరి పేరు తీసేయండి. ‘జిల్లాలో ఒక మున్సిపాలిటీ’ చాలు. వయసు కూడా ‘ఇరవైల్లో’ అని రాయండి. పని మార్చి రాసే ముందు ఆ మనిషినే అడగండి. సంతకం బదులు నోటి సమ్మతి తీసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీకి ముందే కారణం రాసి అనుమతి తెచ్చుకోవాలి, ఆ సమ్మతిని రికార్డు చేసి వేరే ఫైలుగా దాచుకోవాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు లైంగిక మైనారిటీలను ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్లలో చేర్చాయి. ఆ పేరా చూపించి మాట్లాడండి.

కమిటీలో ఎవరైనా ‘ఇలాంటివాళ్లు చట్టంలో ఉన్నారా’ అంటే, సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకునే హక్కు ఉందని అన్న సంగతి చెప్పండి. పార్లమెంటు 2019లో ట్రాన్స్‌జెండర్ చట్టం చేసినప్పుడు దాని నిర్వచనంలోనే ‘జెండర్‌క్వీర్’ (మగ, ఆడ అనే గీతల్లో ఇమడనివాళ్లు) అనే మాట రాసుకుంది. ఆ చట్టం కింద కలెక్టరాఫీసు ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ మీద మాత్రం ‘ట్రాన్స్‌జెండర్’ అనే అచ్చయ్యేది. తాను ట్రాన్స్‌జెండర్ అనుకోని నాన్‌బైనరీ మనిషి ఆ దరఖాస్తు పెట్టుకుంటారా లేదా, ఎందుకు? అది మీ ఇంటర్వ్యూలో అడగదగిన ప్రశ్న.

కళ్యాణదుర్గం స్కాలర్

నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాను, మీరు రాసినవన్నీ కాగితం మీద ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

సార్, మీరు చెప్పినట్టు ఒక పేజీ రాసి చూశాను. ‘ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. గుత్తిలో మేనత్త ఇంట్లో ఉన్న ఏడాది గురించి చెప్పడానికి ఇష్టం లేదు. మగ్గం పని నేర్పిన మనిషి మీద మాత్రం చాలా ప్రేమ.’ ఎక్కడా ఆడా లేదు, మగా లేదు. చదివితే వంకరగానూ లేదు. గుంతకల్లుకు ఫోన్ చేసి వినిపించాను. కాసేపు మాటే లేదు, లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఇది నేనే అక్కా" అన్న మాట వినబడింది. ఊరు, పని రెండూ మార్చమన్న కోరిక కూడా. ఇక్కడ రాసినవి మార్చినవే.

ప్రశ్నావళి మొదటి పేజీ కొట్టేశాను. ఇప్పుడు ఇట్లా ఉంది: ‘బడి సర్టిఫికెట్లో మిమ్మల్ని ఏమని రాశారు? ఇప్పుడు మిమ్మల్ని మీరు ఏమనుకుంటారు, మీ మాటల్లో చెప్పండి. ఇంట్లో ఎవరు ఏమని పిలుస్తారు? అందులో మీకు నచ్చిన పిలుపు ఏది? మీ గురించి నేను రాసేటప్పుడు ఎట్లా రాయాలి?’ ‘ఇతరులు’ తీసేశాను. గైడ్ గారు చదివి, చివరి ప్రశ్న దగ్గర ఆగి, దీన్ని మొదటికి తెమ్మన్నారు. తెచ్చాను.

ఆదోని బిడ్డా, నువ్వు చెప్పిన జడ సవరం ప్రశ్న చేర్చాను. సంతెకుడ్లూరును ఆ అధ్యాయంలోంచి తీసేశాను. నువ్వు ఒప్పుకుంటే నీతో మాట్లాడాలని ఉంది. ఎక్కడ, ఎప్పుడు అనేది నీ ఇష్టం. వద్దన్నా ఇప్పటికే చాలా సాయం చేశావు.

హంద్రీ నీవా

వచ్చే నెల రాండి అక్కా. ఆదోనిలో వద్దు, కర్నూలు అయితే నాకు నిమ్మళం. కొండారెడ్డి బురుజు దగ్గర కలుస్తాను, అక్కడ అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే, ఎవరూ చూడరు. ఫైలు తేవద్దు, అట్ట మీద ఏమీ రాయొద్దు. ఒక్కటే షరతు: టైపు చేసినంక ముందు నాకు పంపండి. మా జేజికి చదివి వినిపించాలి, తనకు చదువు రాదు.